పావుగంట వెసులుబాటు

ఆసుపత్రి గోడ గడియారం సరిగ్గానే నడుస్తోంది. ఈ కుర్చీలో కూలబడగానే సెకన్లమ్మ చేసిన మొదటి పని తన చేతి గడియారంతో దాన్ని సరిచూడటమే. సిగ్గులేని చెయ్యి, తలుపవతల తమ్ముడు అలా పడి ఉన్నా అలవాటు కొద్దీ మణికట్టు తిప్పింది. రెండూ ఒకటే చెప్పాయి, మూడు దాటిందని. నాలుగింటికి డాక్టరమ్మ లోపలికి వెళ్ళి రెండో పరీక్ష చేస్తుంది. మొదటిది పొద్దున చేసింది. కళ్ళలోకి లైటు కొట్టింది, చెవిలో చల్లటి నీళ్ళు పోసింది, ఊపిరి మిషను గొట్టం తీసి తనంతట తాను ఊపిరి తీసుకుంటాడేమోనని కాచుకుని చూసింది. తీసుకోలేదు. మెదడు పనిచెయ్యడం లేదమ్మా, కానీ ఒక్కసారి చూసి ఆ మాట అనేయకూడదు, కొన్ని గంటలాగి మళ్ళీ చూడాలి, అప్పుడూ ఇలాగే ఉంటే అప్పుడు చెప్తాం అంది. "అంటే ఇప్పుడు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగింది మరదలు. డాక్టరమ్మ మంచి మనిషి, అబద్ధం చెప్పడం చేతకాదు. "రెండో పరీక్ష అయ్యాక మేం ఏ టైము రాస్తే అదే టైమమ్మా," అని తల దించుకుని వెళ్ళిపోయింది. అప్పట్నించీ సెకన్లమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పొద్దుటికీ నాలుగింటికీ మధ్యనున్న ఈ కాలం ఎవరిది? వాడి ఆయుష్షులోదా, వాడు పోయాక మిగిలిన లోకానిదా? కొలిచేవాడు రాలేదు కాబట్టి ఇంకా జరగలేదంటే, ఇన్నేళ్ళూ తను చేసిన ఉద్యోగమంతా ఏమిటి?

ఉద్యోగమంటే కొలవడమే. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్ల వరస వెనక స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడి, కాలరు అతకడానికి ఎంతసేపు, కఫ్ తిప్పడానికి ఎంతసేపు, కాజా తీయడానికి ఎంతసేపు అని చూడటం. ఇరవై ఏళ్ళు దాటింది. "సెకన్లమ్మ వస్తోందే, తుమ్మేదుంటే త్వరగా తుమ్మేయండి," అని ఆడపిల్లలు నవ్వుకునేవాళ్ళు, ఆ పేరే మిగిలిపోయింది, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. పని నేర్పిన ముసలాయన మొదటి వారంలోనే ఒక మాట చెప్పాడు, కొలిచిన టైముని కొలిచినట్టు ఇచ్చేయకమ్మా అని. దారం తెగుతుంది, సూది విరుగుతుంది, నడుం పట్టేస్తుంది, ఇంటి దగ్గర పిల్లకి జ్వరమని గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగిపోతుంది. అందుకని కొలిచిన దానికి వెసులుబాటు కలపాలి. ఉత్త టైము మిషన్లకివ్వు, మనుషులకివ్వకు, చచ్చిపోతారు అనేవాడు. ఆ చివరి ముక్క ఆయన నవ్వుతూ అనేవాడు, అందరూ నవ్వుతూనే వినేవాళ్ళు. మేనేజర్లు ఆ వెసులుబాటు కోసెయ్యమన్నప్పుడల్లా ఆవిడ వాళ్ళతో పోట్లాడింది, పట్టు వదలని మొండిఘటమని పేరు కూడా తెచ్చుకుంది. ఊళ్ళో వాళ్ళందరికీ ఇప్పించింది.

నేల తుడిచే ఆవిడ బకెట్టు నెట్టుకుంటూ వచ్చి కాళ్ళెత్తమన్నట్టు చూసింది. ఎత్తారు ఇద్దరూ. మరదలు ఒళ్ళో ప్లాస్టిక్ సంచి ఉంది, అందులో తమ్ముడి బూట్లు, బెల్టు, తాళాలు. ఆసుపత్రి వాళ్ళు మొన్న ఇచ్చినప్పట్నించీ ఆ సంచి దించలేదు ఆ పిల్ల, బాత్రూముకి వెళ్ళినా చంకలో పెట్టుకునే వెళుతోంది. సంచిలోంచి బూట్ల ముక్కులు నిగనిగలాడుతున్నాయి. తడి నేల మీద ట్యూబులైటు వెలుగు కూడా అంతే నిగనిగలాడింది, ఆరుతూ ఆరుతూ మాసిపోయింది. అది ఆరడానికి ఎంతసేపు పట్టిందో ఆవిడ బుర్ర తనంతట తనే లెక్కపెట్టేసింది, వద్దన్నా వినదు. పొద్దున లోపలికి పంపించినప్పుడు కూడా అంతే. మంచం పక్కన నిలబడి వాడి ఛాతీ కేసి చూసింది, లేస్తోంది, పడుతోంది, లేస్తోంది, పడుతోంది, అన్నీ ఒకే నిడివి. ఇన్నేళ్ళలో ఎందరి చేతులు చూసింది ఆవిడ, ఏ మనిషీ ఒక కాలరుని ఇంకో కాలరంత సేపట్లో కుట్టదు, ఒకటి రవ్వంత ముందూ ఒకటి రవ్వంత వెనకా, ఆ తేడానే మనిషి. ఇక్కడ తేడా లేదు. పుట్టిందగ్గర్నించీ ఏ పనీ ఒక పద్ధతిలో చెయ్యని వాడు, అన్నం తినడానికి ఒక రోజు గంట, ఒక రోజు రెండు నిమిషాలు, వాడి ఊపిరి ఇలా గీత గీసినట్టు ఆడుతోందంటే అది వాడిది కాదు. డాక్టరమ్మ లైటు కొట్టకముందే ఆవిడకు తెలిసిపోయింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు, చెబితే ఆ క్షణమే టైము అవుతుందేమోనని భయపడింది.

వాడి పేరు నిదానం. అమ్మ పెట్టింది ఆ పేరు. బడి గంట కొట్టేసినా నిమ్మకు నీరెత్తినట్టు గుమ్మంలో కూర్చుని చీమల బారు చూసేవాడు. ఆలస్యం అమృతం విషంరా అని అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటే, నిదానమే ప్రధానం అని చెప్పావుగదే అనేవాడు, రెండు సామెతలూ నేర్పింది అమ్మే, ఏం చేస్తుంది. నువ్వు బయల్దేరేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది అని విసిగి విసిగి, ఒక రోజు ముందు గదిలో గోడ గడియారాన్ని పావుగంట ముందుకి తిప్పేసింది, ఎవరికీ చెప్పకుండా. వారం రోజులు బాగానే నడిచింది మోసం. ఆ వారంలో వాడు రోజూ అందరికంటే ముందు బడికి పోయి తాళమేసిన గేటు ముందు నిలబడి, లోకమంతా ఆలస్యంగా నడుస్తోందని వచ్చి అమ్మకే చెప్పాడు. తర్వాత తెలిసిపోయింది. తెలిశాక గడియారం చూడటం, మనసులో పావుగంట తీసేయడం, ఇంకా పావుగంట ఉందిలే అని మళ్ళీ కూలబడటం. అమ్మ ఓడిపోయింది కానీ గడియారాన్ని వెనక్కి తిప్పలేదు. వాడు పెద్దవాడయ్యాడు, అమ్మ పోయింది, గోడలకు రంగులు మారాయి, గడియారాలే రెండు మూడు మారాయి, పావుగంట మాత్రం ఒక గడియారంలోంచి ఇంకోదాన్లోకి దిగుతూ వచ్చింది. ఎవరు టైము అడిగినా, "మనింటి టైమా, మామూలు టైమా?" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదు, పాపం వగరుస్తూ బస్సు స్టాపుకి పరిగెత్తి అక్కడ ఊరికే నిలబడేది. చివరికి వాడే ఒక సాయంత్రం చెవిలో చెప్పాడు, ఇంటి తాళంచెవి చేతిలో పెట్టినంత గుట్టుగా. ఆ రోజే ఆ పిల్ల ఆ ఇంటి మనిషయింది.

ఆ అబద్ధం నచ్చనిది ఒక్క సెకన్లమ్మకే. పగలంతా సెకన్లు సరిచూసి వచ్చి ఇంట్లో అడుగు పెట్టగానే గోడ మీద బాహాటంగా ఒక అబద్ధం, అందరికీ తెలిసిన అబద్ధం. చెప్పులో రాయిలా ఉండేది. అయినా ఊరుకుంది ఇన్నాళ్ళూ. మరి మొన్న ఏమొచ్చింది? అంతకు ముందు సాయంత్రం వాన. బస్సు దిగగానే స్కూటరు మీద తీసుకెళ్తానని వాడే అన్నాడు. ఆవిడ స్టాపులో చూరు కింద నిలబడి, చూరు కారడం మొదలెడితే పక్కకి జరిగి, పక్కన కూడా కారితే తడిసి ముద్దయింది. వాడు తాపీగా వచ్చాడు, పళ్ళికిలిస్తూ. ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారక్కా అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. ఆవిడ స్కూటరు ఎక్కి ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అదీ వాడు చూసిన ఆఖరి సాయంత్రం, వెనక కూర్చున్న అక్క మూతి ముడుచుకుని కూర్చున్న సాయంత్రం.

తెల్లారేసరికి గోడ గడియారం ఆగిపోయి ఉంది. బ్యాటరీ అయిపోయింది. అందరికంటే ముందు లేచేది ఆవిడే, మొదటి బస్సుకి పోవాలి కనుక. స్టూలేసుకుని దించి, టార్చిలైటులో బ్యాటరీ తీసి వేసి, వెనకాల చక్రం తిప్పి చేతి గడియారంతో సరిచేసింది. ఇంకో పావుగంట తిప్పాలి. వేలు చక్రం మీదే ఉంది. ఆ వేలు ఎంతసేపు అక్కడ ఉందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేదు, అందరి వేళ్ళూ కొలిచిన మనిషి. తిప్పలేదు. మేకుకి తగిలించి, కిందికి దిగి, తలెత్తి చూసింది. ఎన్నేళ్ళకు ఆ గోడ నిజం చెబుతోంది. హాయిగా ఉంది, అవును, హాయిగానే ఉంది, ఇప్పుడు కాదనుకుంటే ఎవరు నమ్ముతారు. లేపి చెబుదామనుకుంది. నిద్ర పాడుచేయడమెందుకులే అనుకుంది. బస్సెక్కాక రెండో స్టాపు దగ్గర గుర్తొచ్చింది, ఫోను తీసింది, వాడి పేరు దాకా వచ్చింది బొటనవేలు. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఈ రెండు రోజులుగా దాన్ని ఎటు నెట్టినా తిరిగొచ్చి ఎదురుగా కూర్చుంటున్న ఆలోచన. ఒక్క రోజు తెలిసిరానీ వాడికి. అంతే, ఫోను సంచిలో వేసుకుంది. కిటికీలోంచి గాలి బాగా వచ్చింది.

తెలిసొచ్చింది. వాడికో తనకో ఇంకా తేలలేదు.

స్ట్రెచరు ఒకటి కీచుమంటూ పోయింది. మూడున్నర దాటిందేమో, చూడకూడదనుకుంది, చూసింది, దాటలేదు. నిలబడి చూస్తుంటే ముల్లు కదలదు. ఇది వాడికి బాగా తెలిసిన విద్య. లిఫ్టు మెకానిక్కు కదా. మధ్యలో ఆగిన లిఫ్టులోంచి బయటికి లాగిన ప్రతి మనిషీ గంటయింది, రెండు గంటలయింది అని అరుస్తాడట, తీరా చూస్తే పది నిమిషాలు ఉండదట. మొదట్లో వాడు గడియారం చూపించి వాదించేవాడు. తర్వాత మానేశాడు. లోపలున్నవాళ్ళకి గడియారం చూపిస్తే లాభం లేదక్కా, వాళ్ళకి నిజంగానే గంటవుతుంది, మనకి కాదంతే అన్నాడు ఒకసారి. అందుకని వెళ్ళగానే పనిముట్లు తీయడు, ముందు తలుపు మీద వేళ్ళ కణుపులతో మూడుసార్లు కొడతాడు, వచ్చేశాను, ఇక్కడే ఉన్నాను, ఒక్క నిమిషం అంటాడు. వాడి ఒక్క నిమిషం సంగతి ఇంట్లో వాళ్ళకి తెలుసు. కానీ ఆ మాట వినగానే లోపల ఏడుపులు ఆగిపోతాయట. పొద్దున ఆవిడ నర్సు అటు తిరిగినప్పుడు మంచం ఇనప కడ్డీ మీద మూడుసార్లు కొట్టింది. వచ్చేశానురా, ఇక్కడే ఉన్నాను అంది. ఊపిరి లేచింది, పడింది, అదే నిడివి. ఒకవేళ లోపలున్నాడేమో. ఒకవేళ వాడికి అక్కడ ఎన్నో ఏళ్ళయిపోయి, ఎవరూ తట్టలేదని ఆశ వదిలేసుకున్నాడేమో. లేదా అసలేమీ కాలేదేమో, ఇంకా స్కూటరు తాళం తిప్పుతూనే ఉన్నాడేమో. దీన్ని కొలిచే వాచీ ఎవరి దగ్గరా లేదు. డాక్టరమ్మ లైటు దగ్గర మాత్రం ఉందా?

"వదినా," అంది మరదలు. రెండు రోజులుగా ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "నేనే తరమాల్సింది."

మళ్ళీ మొదలయింది. ఇది ఎన్నోసారో. ప్రతిసారీ మొదట్నించీ చెబుతుంది, చెబుతుంటే ఎక్కడో ఒక చోట కథ దారి మళ్ళి వాడు క్షేమంగా ఆఫీసు చేరిపోతాడని ఆశ కాబోలు.

"టీ తాగేసి బూట్లు ముందేసుకుని కూర్చున్నారు. టైమవుతోందండీ అన్నాను. గడియారం చూసి, ఇంకా పావుగంట ఉందిలే అన్నారు. నేనూ చూశాను, అవును ఉందిగా అనుకున్నాను. కబుర్లలో పడిపోయామేమో వదినా, టైము ఎలా పోయిందో తెలీలేదు. ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఫోన్లో టైము చూసుకుని మొహం పాలిపోయింది ఆయనకి. హెల్మెట్టు బకిల్ కూడా పెట్టుకోకుండా స్కూటరెక్కి పోయారు. ఇంకొక్కసారి లేటయితే రావక్కర్లేదని పోయిన వారమే అన్నారట, మీకు చెప్పొద్దన్నారు, అక్క తిడుతుందని."

అక్క తిడుతుందని. ఆ ముక్క కొత్తది, ఇంతకు ముందు చెప్పలేదు. సెకన్లమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే కూర్చుంది. తనకి తెలిసుంటే తిప్పేదా చక్రం? తిప్పేదే. తెలిసుంటే లేపి మరీ చెప్పేది. తిడుతుందన్న భయంతో వాడు దాచాడు, తిట్టకుండా మూతి ముడుచుకుని తను దాచింది, ఇద్దరి మధ్యా ఆ నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రలైటు వెలిగింది, వాడి స్కూటరు ఆగకుండా దూసుకెళ్ళి దేన్నో గుద్దేసింది. ఇదంతా ఈ పిల్ల తన నెత్తినేసుకుంటోంది. ఒక్క మాట చాలు, అమ్మాయ్, నీ తప్పేం లేదు, నువ్వు చూసిన గడియారంలో పావుగంట లేదు, నేను తీసేశాను. ఎంతసేపు పడుతుంది ఈ మాట చెప్పడానికి? కఫ్ తిప్పినంత సేపు కూడా పట్టదు. రెండు రోజుల నుంచీ ఆ మాట నోట్లోంచి రావడం లేదు. ప్రతిసారీ నోరు తెరుస్తుంది, "ఊరుకోమ్మా" అని మాత్రం వస్తుంది. ఇప్పుడూ అదే వచ్చింది. "ఊరుకోమ్మా," అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. మరదలు ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఈ లోకంలో తనకిక మిగిలిన మనిషి ఈవిడే అన్నట్టు. ఆ నమ్మకం ఆవిడ అరచేతిలో కాలింది. చెబితే ఈ చెయ్యి కూడా పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల బతికినంత కాలం, గడియారం చూసిన ప్రతిసారీ, నేనే తరమాల్సింది అనుకుంటూ బతుకుతుంది. ఇంటికి వెళ్ళాక ఎవరూ చూడకుండా స్టూలెక్కి మళ్ళీ పావుగంట ముందుకి తిప్పేస్తే? ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన కూడా వచ్చింది ఆవిడకు, వచ్చినట్టు ఒప్పుకోవాలి. గడియారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పొచ్చు, దానికి అభ్యంతరం లేదు, తిప్పినందువల్ల మొన్న పొద్దున మాత్రం తిరిగి రాదు.

ముసలాయన ఇప్పుడెక్కడున్నాడో, ఉన్నాడో లేడో. ఉత్త టైము మనుషులకివ్వకు. అమ్మకి ఆ పాఠం ఎవరు చెప్పారు? ఏ ఫ్యాక్టరీకీ వెళ్ళలేదు, స్టాప్‌వాచీ చూడను కూడా లేదు, అయినా తన కొడుక్కి ఎంత వెసులుబాటు కావాలో చూసి చూసి కొలిచి, గోడకి తగిలించి పోయింది. అబద్ధమనుకుంది తను. అది వాడు బతకడానికి కలిపిన పావుగంట. దాన్ని తను కోసేసింది, ఏ మేనేజరూ అడక్కుండానే.

తర్వాత టైము ఎలా పోయిందో తెలీదు. కదలనన్న ముల్లు ఎవరో తరిమినట్టు పరిగెత్తింది. డాక్టరమ్మ లోపలికి వెళ్ళడం చూసింది, వెనకే ఇంకొక డాక్టరు వెళ్ళాడు, తలుపు మూసుకుంది. ఆపండి అని లేవబోయింది, మళ్ళీ కూర్చుంది. ఇంకా కాలేదు కదా, తలుపు తెరిచేదాకా కాలేదు కదా, ఈ తలుపు ఇలాగే మూసి ఉంటే వాడు నాలుగింటికి ఇవతలే ఉంటాడు కదా. తెరుచుకుంది.

డాక్టరమ్మ వచ్చి వాళ్ళ ముందు వంగి కూర్చుంది, పెద్దవాళ్ళు చిన్నపిల్లలతో మాట్లాడటానికి కూర్చున్నట్టు. చెప్పింది. చాలా మెల్లగా, ఏ మాటా మింగకుండా చెప్పింది. పొద్దున లాగే ఉందమ్మా, ఏమీ మారలేదు అంది. తర్వాత తలెత్తి గోడ కేసి చూసింది. "టైము రాయాలి. నాలుగుంబావు," అంది, వెనక నిలబడిన డాక్టరుతో.

మరదలు కూడా తలెత్తి గోడ కేసి చూసింది. ఆమె మొహంలో ఏడుపు లేదు, ఏదో గుర్తొచ్చిన మనిషిలా తేటపడింది. పెదవులు కదిపి పావుగంట తీసేసింది.

"ఇంకా పావుగంట ఉందండీ," అంది డాక్టరమ్మతో, ఓపిగ్గా, తెలియని వాళ్ళకి చెప్పినట్టు. "అది ముందుంటుంది. మీకు తెలీదు. ఇంకా నాలుగే."

డాక్టరమ్మ చూపు సెకన్లమ్మ మీదికి తిప్పింది, మీరే చెప్పాలి అన్నట్టు. మరదలు కూడా ఇటు తిరిగింది, చెప్పు వదినా, నీకు తెలుసుగా అన్నట్టు. ఆవిడ మణికట్టు తిప్పి చూసుకోలేదు. ఈసారి అవసరం లేకపోయింది.

"లేదమ్మా," అంది. "ఇది సరిగ్గానే ఉంది."

మరదలు మళ్ళీ గోడ కేసి చూసింది.

"మనింట్లోది కూడా సరిగ్గానే ఉంది," అంది సెకన్లమ్మ. "మొన్న పొద్దున నేనే సరిచేశాను. మీరు లేవకముందు. చెప్పలేదు. చెబుదామని ఫోను తీసి, చెప్పలేదు."

అర్థం కావడానికి సమయం పట్టింది. ఎంతో ఆవిడకు తెలియదు, లెక్కపెట్టే బుర్ర మొదటిసారి ఊరుకుంది. మరదలు పిడికిలి వేలు తర్వాత వేలుగా వదులైంది. తన చేతిని ఆమె ఒళ్ళోకి లాక్కుని సంచి మీద పెట్టుకుంది, లోపల నిగనిగలాడుతున్న బూటు ముక్కుని సంచి మీంచే తడిమింది.

"ఇంకా బోలెడు టైముందని," అంది, ఎవరితోనో చెబుతున్నట్టు, "రెండోసారి పాలిష్ వేసుకున్నారు వదినా."